కొత్త నీళ్ళు

యశ్వంతపుర మార్కెట్ గోడౌన్‌లో తెల్లవారక ముందే
రేకు పెట్టెలు ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూస్తాడు చౌడప్ప.
ఖాళీ. ఖాళీ. ఖాళీ.
"ఇదో మేడం, ఈడ ఒకటి ఉండాది."
వేరుశనగ ముద్ద మొత్తం తినేసి
మూలన ముడుచుకుంది
రెండు వేళ్ళంత ప్రాణం.

నాక్కావలసింది ఎలుక కాదు.
భయంతో అది విడిచే నాలుగు పెంటికలు,
మాడిన బియ్యపు గింజల్లాంటివి.
పట్టకారుతో ఏరి, గొట్టంలో వేసి, మంచులో పాతిపెట్టి
మూత మీద రాస్తాను:
ఆడ. గోడౌన్. పదమూడు గ్రాములు.

ఆకలేస్తే మా ఇంట్లో అనేవాళ్ళు
కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని.
ఎలుక కడుపులో పరిగెత్తేదెవరు?
దానికే నాకు జీతం ఇస్తున్నారు.

గోడౌన్ ఎలుక పొట్టలో మైదా, నూకలు, గోనెసంచి పీచు.
హెసరఘట్ట రాగి చేలల్లో పట్టినదాని పొట్టలో
గడ్డిగింజ, మిడత కాలు, వాన తడిసిన మన్ను.
అవే మీసాలు, అదే తోక.
లోపలి జనం మాత్రం వేరు.
ఒక ఊరి వాళ్ళని ఇంకో ఊరివాళ్ళు
గుర్తు కూడా పట్టరు.

అంతవరకూ నాకు అర్థమైంది.
ఒకే బొరియలో పట్టిన ఆడదానికీ మగదానికీ
లెక్క ఎందుకు కలవదో తెలియలేదు.
మందణ్ణ గారు తెల్లబోర్డు మీద
హార్మోన్ల బొమ్మ గీశారు, బాణాలతో సహా.
చౌడప్ప బీడీ ఆర్పి అన్నాడు:
"మగది ఊరంతా తిరిగొస్తాది.
ఆడది పిల్లల కాడ కూకుంటాది.
ఇల్లు ఒకటే మేడం. చోటు ఒకటా?"

ఆ మాట ఏ గడిలో రాయాలో తెలీక
జేబులో వేసుకున్నాను.

మా లేడీస్ పీజీకి తొమ్మిదింటికి తాళం.
ఎదురుగా అబ్బాయిల పీజీకి అసలు గేటే లేదు.
ఇద్దరికీ వచ్చేది అదే ట్యాంకరు.

హిందూపురం నుంచి ఇక్కడికి వంద కిలోమీటర్లు.
అయినా వచ్చిన కొత్తలో నెలరోజులు
నాకు ఈ నీళ్ళు పడలేదు.
పీజీ ఆంటీ మజ్జిగలో వాము కలిపిచ్చి
"కొత్త నీళ్ళు కదమ్మా, సర్దుకుంటుంది" అంది.
ఒకరోజు సర్దుకుంది. ఏ రోజో గుర్తులేదు.
ఇప్పుడు అనిపిస్తుంది,
నీళ్ళు పడటమంటే
నాలో ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు,
ఎవరో సామాను దింపుకున్నారు.
అద్దె అడగలేదు, నన్నూ అడగలేదు.
హిందూపురం వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలారో లేదో.

నిన్న హెసరఘట్టలో ఆఖరి పెట్టె.
చేతిలోకి తీసుకుంటే గట్టిగా, గుండ్రంగా,
చర్మం కింద శనగగింజల వరస.
"కడుపుతో ఉండాది," అన్నాడు చౌడప్ప గొంతు తగ్గించి,
పక్కింటి కోడలి గురించి చెప్పినట్టు.

మన భాషలో ఆకలికీ కాన్పుకీ ఒకటే గది.
తిన్నది వెళ్ళేదీ కడుపే, బిడ్డ ఉండేదీ కడుపే.
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
అది నా బొటనవేలిని కరిచింది, న్యాయంగానే.

పెంటికలు మాత్రం తీసుకుని
గట్టు మీద వదిలేశాను.
రాగి మొక్కల మధ్య కాస్త బరువుగా,
పెద్ద తొందరేమీ లేనట్టు వెళ్ళిపోయింది.

ఫారం నింపాను.
ఆడ. చేను. ఇరవై ఒక్క గ్రాములు.
ఎంతమంది అన్న గడి
వాళ్ళు ఇవ్వలేదు.